ఎక్సెల్‌లో మైలుతుత్తం, మధ్యలో ఒక చుక్క

కెమిస్ట్రీ ల్యాబ్ అంటే మన సీఎస్ఈ వాళ్లకి ఫస్టియర్‌తో వదిలిపోయే బాధ. నాకూ అంతే. కానీ వేరేవాళ్లు వాడుకునే ప్రోగ్రామ్ అనేది నేను మొదటిసారి రాసింది ఆ ల్యాబ్ కోసమే. ఆ ప్రోగ్రామ్‌ని చూపించి నా ల్యాబ్ పార్ట్‌నర్ చేత కరెక్ట్ ఆన్సర్‌ని కొట్టేయించింది కూడా నేనే. ఈ వ్యాసం దాని గురించి. అది ఒక ఎక్సెల్ యాడ్-ఇన్. సెల్‌లో మూలకం గుర్తు ఇస్తే దాని పరమాణు భారం, ద్రవీభవన స్థానం లాంటివి తెచ్చిపెడుతుంది. మొత్తం ఫార్ములా ఇస్తే అణుభారం లెక్కకట్టి ఇస్తుంది. ఎలా పనిచేస్తుంది, ఎలా వాడాలి, ఎక్కడ ముంచుతుంది, మూడూ చెప్తాను. మూడోది కాస్త ఎక్కువే చెప్తాను.

ముందుగా ఒక మాట. ఫార్ములాల్ని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు సెల్‌లో కొట్టేటప్పుడు మామూలు గుర్తులే కొట్టండి.

అసలు దీని అవసరం ఎందుకొచ్చిందంటే, ల్యాబ్‌లో ఏ ప్రయోగమైనా అణుభారంతోనే మొదలవుతుంది. 0.1 మోలార్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలంటే, అణుభారాన్ని 0.025తో గుణిస్తే ఎన్ని గ్రాములు తూచాలో వస్తుంది. ఆ ఒక్క అంకె కోసం మా బ్యాచ్‌లో ఒకడు ఫోన్‌లో వెతికేవాడు, ఒకడు గోడమీద చార్టు చూసేవాడు, ఒకడు పక్కవాడి రికార్డు చూసేవాడు. రాగికి ఒకడిది 63.5, ఇంకొకడిది 63.55, మరొకడిది 63.546. అందరూ కరెక్టే, కానీ చివర్లో ఆన్సర్లు కలవవు. ఒకే టేబుల్ అందరి దగ్గరా ఉంటే ఈ గోల ఉండదు కదా అనుకున్నా.

ఎక్సెల్‌లోనే మూలకాల డేటా ఉండేది, కొంతకాలం. మైక్రోసాఫ్ట్ 2020లో వుల్ఫ్రామ్ డేటాతో కొత్త డేటా టైపులు తెచ్చింది. సెల్‌లో మూలకం పేరు రాసి కెమిస్ట్రీ అని ఎంచుకుంటే వివరాలన్నీ వచ్చేవట. 2023 జూన్‌లో వాటిని ఆపేశారు. అంటే ఇంకొకరి సర్వర్ మీద ఆధారపడితే ఏదో ఒక రోజు మన షీట్ ఖాళీ. అందుకే టేబుల్ మన దగ్గరే, యాడ్-ఇన్ ఫైల్ లోపలే ఉండాలని పెట్టుకున్నా.

యాడ్-ఇన్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు. అది కూడా ఒక ఎక్సెల్ ఫైలే. కాకపోతే తెరిచినా కనపడదు. వెనకాల ఉండి, తనలో ఉన్న ఫంక్షన్లని మీరు తెరిచిన మిగతా ఫైళ్లకి అరువిస్తుంది. సమ్, యావరేజ్ ఎలా వాడతామో, అలాగే మనం రాసుకున్న ఫంక్షన్ని కూడా వాడొచ్చు. లోపల షీట్‌లో 118 వరుసలు, ఒక్కో మూలకానికి ఒకటి. డేటా కోసం నేను పబ్‌కెమ్ వాళ్ల ఆవర్తన పట్టిక తీసుకున్నా. అది సీఎస్‌వీ ఫైలుగా ఉచితంగా దిగుతుంది. పరమాణు భారాలు మాత్రం ఐయుపాక్ వాళ్ల టేబుల్‌తో ఒక్కొక్కటీ పోల్చుకున్నా. రెండు రాత్రులు పట్టింది. ఆ టైంలో నాకు ఇంటర్నల్స్ ఉన్నాయని ఇంట్లో చెప్పకండి.

పెట్టుకోవడం ఇలా. ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్. కింద మేనేజ్ అని ఉన్నచోట ఎక్సెల్ యాడ్-ఇన్స్ ఉంచి గో నొక్కాలి. బ్రౌజ్ నొక్కి ఫైలు చూపించి, టిక్కు పెట్టి ఓకే. అంతే. ఫైలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చినదైతే మాత్రం ముందు దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అని టిక్కు పెట్టాలి. నెట్ నుంచి వచ్చిన మాక్రోలని 2022 నుంచి ఆఫీస్ తనంతట తానే ఆపేస్తోంది. ఆపడం మంచిదే. ముక్కూమొహం తెలియనివాడు పంపిన మాక్రో ఫైల్‌ని అన్‌బ్లాక్ చేయకండి, అది కెమిస్ట్రీదే అయినా సరే. ఇంకోటి, ఇది ఫోన్‌లో ఎక్సెల్‌కీ, బ్రౌజర్‌లో ఎక్సెల్‌కీ పనిచేయదు. కంప్యూటర్ కావాల్సిందే.

వాడటం ఇంకా తేలిక. =ఎలిమెంట్("ఎఫ్ఈ", "మాస్") అని కొడితే ఇనుము పరమాణు భారం 55.845 వస్తుంది. మాస్ బదులు "మెల్ట్" అంటే ద్రవీభవన స్థానం, కెల్విన్లలో. సెల్సియస్ అనుకుని గాలియంకి 302.9 చూసి "ఇది ఇంత వేడి తట్టుకుంటుందా" అన్నాడు మావాడొకడు. 273.15 తీసేస్తే 29.8 డిగ్రీలు. మా విజయవాడలో మే నెలలో అయితే గాలియంని గ్లాసులో పోసుకోవాల్సిందే. ఇక రెండో ఫంక్షన్ =మోల్‌మాస్. దానికి హెచ్2ఓ ఇస్తే 18.015, హెచ్2ఎస్ఓ4 ఇస్తే 98.072.

మోల్‌మాస్ లోపల జరిగేది ఒక అక్షరం తర్వాత ఒక అక్షరం చదవడం. పెద్దక్షరం వస్తే కొత్త మూలకం మొదలైనట్టు. దాని వెనకే చిన్నక్షరం ఉంటే అది కూడా అదే మూలకానిది. తర్వాత అంకె ఉంటే అన్ని పరమాణువులు, లేకపోతే ఒకటి. బ్రాకెట్ వస్తే అప్పటిదాకా కూడినదాన్ని పక్కన పెట్టి, లోపలిది మొదట్నించి కూడి, బ్రాకెట్ మూశాక బయటి అంకెతో గుణించి మళ్లీ పాతదానికి కలపాలి. డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ ఎందుకు చెప్తారో నాకు అప్పుడు అర్థమైంది. తడి సున్నం, అంటే సిఏ(ఓహెచ్)2, ఇచ్చి 74.092 వచ్చినప్పుడు హాస్టల్ రూమ్‌లో ఒక్కడినే లేచి నిలబడ్డా.

నీళ్లు, ఉప్పు, సల్ఫ్యూరిక్ యాసిడ్, సున్నం. నాలుగూ కరెక్ట్. టెస్టింగ్ అయిపోయిందని డిక్లేర్ చేసేశా.

మరుసటి వారం ప్రయోగం కాపర్ సల్ఫేట్. ద్రావణం మనమే తయారుచేసి, అందులో రాగి ఎంతుందో హైపోతో టైట్రేట్ చేసి చూపాలి. నా పార్ట్‌నర్‌ది నల్గొండ జిల్లా, టెన్త్ వరకు తెలుగు మీడియం. నీలం పలుకులు చూడగానే "ఇది మైలుతుత్తం గద మామా, మా తోటల కొడతం" అన్నాడు. వాళ్లకి బత్తాయి తోట ఉంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం అని నాకు వాడే చెప్పాడు. నేను అప్పటిదాకా ఆ మాటే వినలేదు. నా చదువంతా కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అనే.

నేను ల్యాప్‌టాప్ తెరిచి =మోల్‌మాస్("సియుఎస్ఓ4.5హెచ్2ఓ") అని కొట్టా. 185.6165 అని వచ్చింది. నాలుగు దశాంశాలతో, ఎంత ముచ్చటగా ఉందో. 0.025తో గుణిస్తే 4.64 గ్రాములు.

వాడు రఫ్ పేజీలో చేత్తో వేసుకున్నాడు. రాగి 63.5, గంధకం 32, ఆమ్లజని నాలుగు పదహార్లు 64, నీళ్లు ఐదు పద్దెనిమిదులు 90. మొత్తం 249.5.

"ఏందిరా, నాకు 249 వస్తుంది. ఐదు నీళ్లున్నయ్ గద, నీళ్లే తొంభై అయితయ్" అన్నాడు.

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఎక్సెల్‌కి కూడికలు రావా మామా? నువ్వెక్కడో రెండుసార్లు కూడుంటావ్." వాడు ఒకసారి తన లెక్క చూశాడు, ఒకసారి నా స్క్రీన్ చూశాడు. నా స్క్రీన్‌లో నాలుగు దశాంశాలున్నాయి, వాడి దగ్గర ఒకటే ఉంది. ఇంకేం అనలేదు. 249.5 మీద అడ్డంగా గీత కొట్టేసి కింద 185.62 అని రాశాడు.

4.64 గ్రాములు తూచాం. కరిగించాం, మార్కు దాకా నీళ్లు పోశాం. 20 మిల్లీలీటర్లు తీసుకుని టైట్రేషన్ మొదలుపెట్టాం. అయోడైడ్ వేశాక వచ్చే అయోడిన్‌ని హైపోతో కొలవాలి. లెక్క ప్రకారం 0.1 మోలార్ హైపో కూడా 20 దగ్గర దిగాలి. స్టార్చ్ నీలం 14.9 దగ్గరే పోయింది. మళ్లీ చేశాం, 14.8. మళ్లీ, 14.9. బ్యూరెట్ కడిగాం, హైపో మార్చాం. చేతివాటం వల్ల తప్పు వస్తే మూడు రీడింగులు మూడు రకాలుగా ఉండాలి. మావి మూడూ అతికినట్టు ఉన్నాయి. మాకంటే బాగా టైట్రేషన్ ఆరోజు ఎవరూ చేసుండరు.

మేడమ్ వచ్చి బ్యూరెట్ చూడలేదు. "ఎంత తూచారు?" అన్నారు. 4.64 అన్నాం. "ఆరుకి పైన రావాలి కదా, మైలుతుత్తం 249.68" అంటూ రఫ్ పేజీ తీసుకున్నారు. మేడమ్ నోట కూడా ఆ మాటే రావడంతో పార్ట్‌నర్ కాస్త తలెత్తాడు. ఆమె పేజీలో గీత కొట్టిన అంకె దగ్గర వేలు పెట్టి, "ఇది ఎందుకు కొట్టేశారు?" అని వాడిని అడిగారు.

వాడు నా పేరు చెప్పలేదు. "డౌటొచ్చింది మేడమ్" అన్నాడు.

ఆ రాత్రి కోడ్ మొత్తం మళ్లీ చదివా. తప్పు దొరకడానికి గంటన్నర పట్టింది. ఫార్ములాలో ఓ తర్వాత అంకె చదవడానికి నేను వీబీఏలో వాల్ అనే ఫంక్షన్ వాడాను. అది అక్షరాల వరుసని మొదట్నించి చదువుతూ, ఎంతవరకు అంకెగా పనికొస్తే అంతవరకు తీసుకుని ఆగిపోతుంది. దానికి నేనిచ్చింది "4.5హెచ్2ఓ". మనిషి అక్కడ 4 అని చదివి, చుక్క దగ్గర ఆగి, ఐదు నీళ్లు అని చదువుతాడు. వాల్ మాత్రం 4.5 అని చదివింది. దానికి అది దశాంశ బిందువు. అంటే నా యాడ్-ఇన్ లెక్కకట్టింది రాగి ఒకటి, గంధకం ఒకటి, ఆమ్లజని నాలుగున్నర, నీళ్లు ఒక్కటి. ఐదు నీళ్లలో నాలుగు మాయం, అర ఆమ్లజని అదనం. తేడా 64.06. మేం తయారుచేసింది 0.1 కాదు, 0.074 మోలార్. 20ని 0.743తో గుణించి చూడండి, 14.9 వస్తుంది. మా బ్యూరెట్ నిజమే చెప్పింది.

ఎర్రర్ వచ్చి ఉంటే మేం ఆగేవాళ్లం. సెల్‌లో వేల్యూ ఎర్రర్ అనో, పేరు తెలీదనో కనపడితే ఎవరైనా చార్టు చూసుకుంటారు. 185.6165ని చూసి ఆగడానికి కారణమే లేదు. ఇదే బగ్‌ని తర్వాత జింక్ సల్ఫేట్ మీద నడిపి చూశా. వరిలో జింకు లోపానికి పొలాల్లో వేసేది అదే. ఏడు నీళ్లున్న రకంలో జింకు లెక్క ప్రకారం 22.7 శాతం, సంచి మీద 21 అని ఉంటుంది. ఒక్క నీరున్న రకం సంచి మీద 33. నా యాడ్-ఇన్ జెడ్ఎన్ఎస్ఓ4.7హెచ్2ఓ కి ఆమ్లజని 4.7 అని చదువుకుని అణుభారం 190.65 ఇచ్చింది. దాని ప్రకారం జింకు 34.3 శాతం. చూసినవాడు "ఓహో, ఇది ఒక్క నీరున్న రకం కాబోలు" అనుకుంటాడు. 20 కిలోలు వేయాల్సినచోట 13 కిలోలు చాలనుకుంటాడు. అది పార్ట్‌నర్‌కి చెప్తే వాడు నవ్వలేదు. "మా నాయనకు మాత్రం పంపకు" అన్నాడు.

సరే, బగ్ దొరికింది కదా, ముందే చుక్క దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కని విడిగా చదివితే అయిపోతుంది అనుకున్నా. చేశా. మైలుతుత్తం 249.677. పొద్దున్నే పార్ట్‌నర్‌కి చూపించా. వాడు ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం తీసి ఘనస్థితి పాఠంలో ఒక ఫార్ములా చూపించాడు. ఎఫ్ఈ0.95ఓ. ఐరన్ ఆక్సైడ్ స్ఫటికంలో కొన్నిచోట్ల ఇనుము లోటు ఉంటుంది, అందుకని ఒకటి బదులు 0.95 అని రాస్తారు. అక్కడ చుక్క నిజంగానే దశాంశం. కరెక్ట్ ఆన్సర్ 69.05. నా కొత్త వెర్షన్ దాన్ని రెండు ముక్కలు చేసి, సున్నా ఇనుములు, 95 ఆమ్లజనులు అని చదివి 1519.905 అంది. ఆ అంకెని చూసి ఇద్దరం క్యాంటీన్‌లో పడీపడీ నవ్వాం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో అయితే అర నీరు ఉంటుంది. 0.5 అని రాస్తే ఒకే ఫార్ములాలో రెండు రకాల చుక్కలు.

అంటే ఆ చుక్కకి అర్థం ఫార్ములాలో లేదు, చదివేవాడి బుర్రలో ఉంది. ఎంత తెలివిగా కోడ్ రాసినా అది ఊహే. అందుకని ఇప్పుడున్న వెర్షన్‌లో నీళ్లకి నక్షత్రం గుర్తు పెట్టాలి, సియుఎస్ఓ4*5హెచ్2ఓ అని. చుక్క కనపడితే మోల్‌మాస్ లెక్క కట్టదు. "చుక్క అంటే నీళ్లా, దశాంశమా? నీళ్లయితే నక్షత్రం పెట్టండి, దశాంశమైతే చివర డి అని ఇవ్వండి" అని సెల్‌లో తెలుగులో అడుగుతుంది. అంకె రావాల్సినచోట మాటలు వస్తాయి కాబట్టి దాన్ని 0.025తో గుణిస్తే ఎర్రరే వస్తుంది. తూకం దాకా పోదు.

ఆ తెలుగు వాక్యం పెట్టడం కూడా ఒక కథ. వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ రాదు. అందులో తెలుగు టైప్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. రాగి అని రాయాలంటే 3120, 3134, 3095, 3135 అని నాలుగు కోడ్ నంబర్లు ఇచ్చుకోవాలి. దాని బదులు వాక్యాన్ని యాడ్-ఇన్ లోపలి షీట్‌లో ఒక సెల్‌లో రాసి, కోడ్ అక్కడినుంచి తెచ్చుకునేలా చేశా. ఎడిటర్ తెలుగు చూపించలేదు గానీ, మోయగలదు. ఆ దారి దొరికాక టేబుల్‌లో తెలుగు పేర్ల కాలమ్ కూడా పెట్టేశా. =ఎలిమెంట్("రాగి", "మాస్") అంటే ఇప్పుడు 63.546 వస్తుంది. పేర్లు చాలావరకు పార్ట్‌నరే చెప్పాడు. యశదం, భాస్వరం, నత్రజని, ఉదజని, తగరం. ఇంగ్లిష్ మీడియంలో పన్నెండేళ్లు చదివి తగరం అంటే టిన్ అని నాకు పందొమ్మిదో ఏట తెలిసింది. ఇందులో ఒక చిక్కుంది. కొన్ని తెలుగు కీబోర్డులు ఆర్గాన్ చివర పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటి చేరుస్తాయి. కంటికి రెండు ఆర్గాన్లూ ఒకటే, కానీ లెన్ వేస్తే ఒకదానికి 7, ఇంకోదానికి 8. టేబుల్‌లో దొరకదు. ఆ కనపడని అక్షరం కోడ్ 8204. ఇప్పుడు వెతికేముందు దాన్ని తీసేస్తున్నా. తెలుగు డేటాతో ఎవరు ప్రాజెక్ట్ చేసినా ఈ నంబర్ రాసిపెట్టుకోండి.

చుక్క ఒక్కటే కాదు, ఎక్సెల్‌లో ఇలాంటి నిశ్శబ్దపు గోతులు ఇంకా ఉన్నాయి. యాడ్-ఇన్ వాడకుండా వీలుకప్‌తోనే టేబుల్ చూసుకుంటామనేవాళ్లు ఇది తప్పక చదవాలి. వీలుకప్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా తెలియదు. తెలుగు వాళ్లం మనకీ ఆ తేడా లేదు, అది వేరే విషయం. హెచ్ఎఫ్ అని రెండూ పెద్దక్షరాలు కొడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్, 20.006. ఎఫ్ చిన్నదైతే హాఫ్నియం, 178.49. వీలుకప్ దేనికైనా హాఫ్నియమే ఇస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అడిగితే కోబాల్ట్ ఇస్తుంది. లేదు అని మాత్రం అనదు. నేను డిక్షనరీ ఆబ్జెక్ట్ వాడాను, అది అక్షరాల సైజు చూస్తుంది. వీలుకప్‌లో నాలుగో విలువ ఫాల్స్ అని ఇవ్వకపోతే ఇంకా ఘోరం. దగ్గరగా ఉన్నది ఏదో తెచ్చిపెడుతుంది, టేబుల్ అక్షరక్రమంలో లేకపోతే ఆ దగ్గర అన్నదానికి కూడా అర్థం ఉండదు.

ఖాళీ సెల్ ఇంకోటి. నియాన్‌కి ఎలక్ట్రోనెగటివిటీ టేబుల్‌లో ఖాళీగా ఉంటుంది. వీలుకప్ దాన్ని 0 అని ఇస్తుంది. విలువ లేకపోవడం వేరు, విలువ సున్నా కావడం వేరు. యావరేజ్ తీస్తే తేడా మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన గొయ్యి మాత్రం ఎలక్ట్రాన్ విన్యాసం. సోడియం 2-8-1 అని సెల్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. మన దేశం సెట్టింగుల్లో అది 2001 ఆగస్టు 2 అయిపోతుంది. మెగ్నీషియం 2002 ఆగస్టు 2. అలా ఆర్గాన్ దాకా ఎనిమిది మూలకాలూ ఎనిమిది వరుస సంవత్సరాల్లో ఒకే పుట్టినరోజు చేసుకుంటాయి. పొటాషియంకి నాలుగు అంకెలుంటాయి కాబట్టి బతికిపోయింది. తేదీని మామూలు అంకెగా మారిస్తే వెనక్కి వస్తుందనుకోకండి, 37105 వస్తుంది. ముందే సెల్‌ని టెక్స్ట్‌గా పెట్టాలి, లేదా మొదట ఒక కొటేషన్ గుర్తు కొట్టాలి. ఇది మనలాంటి పిల్లల సమస్యే అనుకున్నా గానీ, జన్యుశాస్త్రం వాళ్లకీ ఇదే తలనొప్పి. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు తేదీలైపోతున్నాయని 2020లో ఏకంగా ఆ పేర్లే మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ మారలేదని సైన్సే సర్దుకుంది. ఎక్సెల్‌లో ఆ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ 2023లో వచ్చింది.

ఇక చివరి సందేహం, జూనియర్లు అందరూ అడిగేది. "అన్నా, నీ టేబుల్‌లో విలువ, మా పుస్తకంలో విలువ ఎందుకు కలవట్లేదు?" జింకు నా దగ్గర 65.38, పాత పుస్తకాల్లో 65.39. ఐయుపాక్ వాళ్లు కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా సవరిస్తారు, జింకుని 2007లో సవరించారు. కొన్నిటికైతే ఒక్క అంకె అనేదే లేదు. హైడ్రోజన్‌కి 1.00784 నుంచి 1.00811 దాకా అని ఒక హద్దు ఇస్తారు, ఎందుకంటే నీరు ఎక్కడిదన్నదాన్ని బట్టి అందులో బరువైన హైడ్రోజన్ పాలు మారుతుంది. సీసం కథ ఇంకా పాతది. యురేనియం ఖనిజంలోంచి వచ్చిన సీసం మామూలు సీసం కంటే తేలిగ్గా ఉందని థియోడర్ రిచర్డ్స్ 1914లోనే తూచి చూపించాడు. పరమాణు భారాలని కచ్చితంగా కొలిచినందుకు ఆ ఏడాది కెమిస్ట్రీ నోబెల్ ఆయనదే. ఇప్పుడు సీసానికి ఇచ్చే హద్దు 206.14 నుంచి 207.94. యాడ్-ఇన్‌లో నేను పెట్టింది వాడుకలో ఉన్న ఒక్క విలువ, 207.2. పక్క కాలమ్‌లో హద్దు కూడా ఉంది, "రేంజ్" అని అడిగితే ఇస్తుంది.

కానీ మైలుతుత్తంలో పది హైడ్రోజన్లకీ ఆ హద్దు అంతా కలిపినా వచ్చే తేడా 0.003 కూడా లేదు. ల్యాబ్ త్రాసు దాన్ని చూడలేదు. నేను రెండు రాత్రులు మేలుకుని సరిచూసింది అలాంటి దశాంశాలని. పోయింది 64.

ఇప్పుడు యాడ్-ఇన్ ఫైల్‌లో టెస్ట్ అని ఒక షీట్ ఉంటుంది. ఫార్ములా, యాడ్-ఇన్ ఇచ్చిన విలువ, మనిషి చేత్తో వేసిన విలువ, మూడు కాలమ్‌లు. కోడ్‌లో ఏం మార్చినా ముందు అది నడుపుతా. చేత్తో వేసే కాలమ్ నేను నింపను, పార్ట్‌నర్ నింపుతాడు. నింపుతూ ఈమధ్య నన్నడిగి ఫైల్ మీద తన పేరు కూడా పెట్టించుకున్నాడు. మొదటి వరుస మైలుతుత్తం. అక్కడున్నది 249.68 కాదు, వాడు ఆరోజు కొట్టేసిన 249.5. రెండు విలువల మధ్య తేడా 1 దాటితే ఆ వరుస ఎర్రగా మారుతుంది.